కాలు ఆనే చోటు

మా మరదలు అఫ్రాకి ఇసుకంటే పడదు. ఎడారి ఊరు అల్ ఐన్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఇసుక పడకపోవడమేమిటని ఎవరైనా అడగొచ్చు. నేనూ అడగాలనుకున్నాను గానీ ఆమె నోటికి ఎదురు నిలిచే ఓపిక లేక ఊరుకున్నాను.

ఆ ఏడు జూన్‌లో వాషింగ్ మెషీన్ ఆగిపోయింది. బాగుచేయడానికి వచ్చిన మనిషి దాన్ని విప్పి అడుగు నుంచి దోసెడు ఇసుక తీశాడు. అఫ్రా దాన్ని పారేయలేదు. గిన్నెలో పోసి మధ్యాహ్నం భోజనాల దగ్గర మచ్‌బూస్ మాంసం అన్నం పళ్ళెం పక్కనే పెట్టింది.

“వడ్డించుకోండి,” అంది మా తమ్ముడు ఘానిమ్‌తో. “మీ కుక్కల సంపాదన.”

“కుక్కలు కాదు, సలూకీలు,” అంది అమ్మ తలెత్తకుండానే. “కుక్కలు బజార్లో తిరుగుతాయి.”

“బజార్లో తిరిగేవే నయం అత్తయ్యా. అవి నా మంచమెక్కి ఒళ్ళు దులుపుకోవు.”

ఘానిమ్ గిన్నె వంక చూశాడు, అమ్మ వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. నేను అన్నం కలుపుకున్నాను. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతాను. విడాకులయ్యాక ఈ ఇంట్లోనే ఉంటున్నాను. బడికి సెలవులు కాబట్టి ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నాను గానీ, ఇంట్లో ఉన్నంత మాత్రాన గొడవలో కూడా ఉండాలని ఎక్కడా లేదు.

“పెరడంతా గడ్డి పరిపించండి,” అంది అఫ్రా. “లేదంటే రెండింటినీ ఇజ్బాకి తోలేయండి. ఇసుకతో కాపురం ఇక నావల్ల కాదు.”

ఇజ్బా అంటే స్వేహాన్ దారిలో మాకున్న ఒంటెల దొడ్డి. చిన్న సలూకీ సహమ్‌కి ఇజ్బా అయినా ఒకటే, రాజభవనమైనా ఒకటే. ఏది పెట్టినా తింటుంది, ఎక్కడైనా పడుకుంటుంది. దాని తల్లి తర్ఫా సంగతి అలా కాదు. తర్ఫాని మా మతర్ మామ పోయే ముందు తన చేత్తో మెడ పట్టా అందించి అమ్మకి ఇచ్చాడు. మాలో మేలుజాతి సలూకీని అమ్మరు, కొనరు. ఇస్తారు, అంతే. ఇంటికి రంగులు వేయించినప్పుడు ఒకసారి తర్ఫాని ఇజ్బాకి పంపాం. అక్కడి పనివాడి చేతి తిండి ముట్టలేదు. దారి వైపు మొహం పెట్టి పడుకుని, తిరిగి తెచ్చుకునేసరికి ఎముకల గూడై కూర్చుంది. అప్పుడది వయసులో ఉంది కాబట్టి కోలుకుంది. ఇప్పుడు మూతంతా నెరిసింది. ఈసారి పంపితే తిరిగి రాదని అమ్మకి తెలుసు, ఘానిమ్‌కి తెలుసు. చెప్పొద్దూ, అఫ్రాకీ తెలుసు.

నిజం గడ్డి సంగతి అంతకు ముందే తేలిపోయింది. ఒక శీతాకాలం వేయిస్తే సగం సహమ్ వేళ్ళతో సహా పెకిలించింది, సగం ఎండకి మాడింది. ఇక మిగిలింది ప్లాస్టిక్ గడ్డి.

“పొయ్యి మీద పెనం లాగా కాలుతుందట అది,” అన్నాడు ఘానిమ్. “వాటి కాళ్ళేం కావాలి?”

“నేను చూసి చెబుతా,” అంది అమ్మ.

అక్కడితో ఆ మాట ఆగింది. నేల వేడి విషయంలో మా ఇంట్లో అమ్మ మాటకి తిరుగులేదు. అమ్మ లీవా ఇసుక దిబ్బల మధ్య చెప్పుల్లేకుండా పెరిగింది. వేట సలూకీలు పెంచే ఇంటి పిల్ల. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. సలూకీని బయటికి వదిలే ముందు వదిలే మనిషి వట్టి కాలు ఇసుక మీద ఆనించాలి. కాలు ఆనితే పట్టా విప్పాలి, ఆనకపోతే ఆగాలి. మనిషి తన అరికాలితో చూడకుండా సలూకీ అరికాలిని ఇసుక మీద పెట్టించడం సిగ్గుమాలిన పని అనేవాడు మతర్ మామ. అమ్మ రోజూ సాయంత్రం అలాగే చేసేది. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, పెరట్లోకి రెండడుగులు వేసి, నిలబడి, “ఊఁ” అనేది. అప్పుడు నేను తలుపు తీసేదాన్ని.

ఆ ఏడు ఆ “ఊఁ” కాస్త పెందలాడే వస్తుండేది. పొద్దు వాలకముందే వచ్చే అసర్ నమాజు కాగానే, ఒక్కోసారి దానికన్నా ముందే. “ఈ ఏడు ఎండలు పెద్దగా లేవు,” అనేది అమ్మ. బయట కారు తలుపు పట్టుకుంటే చెయ్యి అంటుకుంటోంది. వయసు మీద పడ్డవాళ్ళ మాటలే అని మేం నవ్వుకునేవాళ్ళం.

వసంతం నుంచి తర్ఫా కాస్త కుంటుతోంది. ముసలిది కదా, కీళ్ళు అన్నాడు ఘానిమ్. అమ్మ మాత్రం పాదాలకి గోరింటాకు రుబ్బి పట్టించేది. సలూకీ పాదాలు గట్టిపడటానికి మా పెద్దలు చేసిన మందదే. తన అరికాళ్ళకీ అదే ముద్ద పెట్టుకునేది. ఇద్దరి పాదాలూ చిక్కటి కాఫీ రంగులో ఉండేవి. కుంటు ఎక్కువైతే ముద్ద ఇంకాస్త మందంగా పెట్టేది.

మురాద్ అనే జోర్డాన్ మనిషి గడ్డి శాంపిళ్ళు పట్టుకుని వచ్చాడు. ముక్కలన్నీ వరండాలో పరిచి, అఫ్రాకి అరచేతిలో స్వర్గం చూపించడం మొదలుపెట్టాడు.

“వేడిని తట్టుకునే గడ్డి మేడమ్ ఇది. ఎంత ఎండకైనా చెక్కు చెదరదు.”

“కుక్కలు ఉచ్చ పోస్తే?”

“అడుగున చిల్లులుంటాయి. పైపుతో నీళ్ళు కొడితే కిందికి దిగిపోతుంది. వాసన అసలుండదు.”

“మీ ఇంట్లో కుక్కలున్నాయా?”

“లేవు మేడమ్.”

“మరి వాసనుండదని మీకెవరు చెప్పారు? కంపెనీయా, కుక్కా?”

మురాద్ నవ్వి నుదురు తుడుచుకున్నాడు. ఘానిమ్ నీటి శాఖలో ఇంజినీరు. ఏ సంగతైనా నెమ్మదిగా, చివరిదాకా అడుగుతాడు.

“మధ్యాహ్నం పూట దీని మీద వట్టి కాలు పెట్టొచ్చా?”

“సార్, వేడిని తట్టుకుంటుందంటే గడ్డి తట్టుకుంటుందని. కరగదు, రంగు పోదు. కాళ్ళ సంగతి మేమెక్కడా చెప్పలేదు.”

అంత నిజాయితీ వ్యాపారంలో పనికిరాదని అతనికి వెంటనే తట్టినట్టుంది, టీ వద్దని చెప్పి, ముక్కలు వదిలేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఘానిమ్ ఆ ముక్కల్ని నడి పెరట్లో వరసగా పరిచాడు. వాటిలో ఒత్తుగా, ముదురాకుపచ్చగా ఉన్నదాని మీద అఫ్రా కన్ను పడింది. పెద్ద హోటల్ ముంగిట్లో ఉన్నట్టుందని మురిసిపోయింది. చివరిది పొట్టిది, వెలిసిపోయిన రంగుది. “డబ్బు పోసి ఎండు గడ్డి కొనుక్కుంటామా?” అని దాన్ని కాలి బూటుతో పక్కకి నెట్టింది.

ఘానిమ్ ఆఫీసు నుంచి వేడి చూసే తుపాకీ తెచ్చాడు. ఒక్కో ముక్కకీ గురిపెట్టి అంకె చదివాడు. ముదురుది డెబ్బై ఆరు డిగ్రీలు. పొట్టిది అరవై.

“ఎండలో ఏదీ పనికిరాదు,” అన్నాడు. “పైన నీడకి వల కట్టి, నీళ్ళు చల్లి, పొద్దు వాలాక వదిలితే ఈ పొట్టిది ఫరవాలేదు. పోచల మధ్య రబ్బరు గుళికలు పోస్తారట, అవి ఇంకా కాలుతాయి. వాటి బదులు ఇసుక పోయించాలి.”

“ఇసుకా?” అఫ్రా ఒంటికాలి మీద లేచింది. “ఇసుక వదిలించుకోవడానికి గడ్డి కొని, ఆ గడ్డిలో ఇసుక పోయిస్తారా? మీకు ఇంజినీరు పట్టా ఎవరిచ్చారసలు?”

“ఆ తుపాకీకి అరికాళ్ళున్నాయా?” అంటూ అమ్మ వరండాలోంచి లేచింది.

చెప్పులు గుమ్మం దగ్గర వదిలింది. అబాయా అంచు పైకి పట్టుకుని ఇసుక దాటి వెళ్ళింది. ఒక్కో ముక్క మీదా తీరిగ్గా నిలబడింది. మేమంతా వరండా నీడలోంచి చూస్తున్నాం. అమ్మ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, ముదురాకుపచ్చ ముక్క మీద ఆగింది.

“ఇది చల్లగా ఉంది. ఇదే వేయించండి.”

“అమ్మా, అది డెబ్బై ఆరు.”

“నీ తుపాకీ చెడిపోయింది.”

అఫ్రా మొహం వెలిగిపోయింది. అత్తగారు తన పక్షాన మాట్లాడటం ఆమెకి కొత్త. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కోడలు కోరిన గడ్డి వేయిస్తే కోడలు నోరు మూస్తుంది, తర్ఫా ఇంట్లో ఉంటుంది. అందుకోసం అమ్మ పళ్ళ బిగువున నిలబడి అబద్ధమాడుతోందని అనుకున్నాను. అమ్మ అబద్ధమాడితే గొంతు పెద్దదవుతుంది. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన గుర్తు అది. ఆ మధ్యాహ్నం గొంతు మామూలుగానే ఉంది. అది కాస్త వింతగా తోచింది.

“ఇక చాలు, లోపలికి రామ్మా,” అన్నాను.

“ఉండు. అది కూడా చూడాలిగా.” అమ్మ వరండా వైపు తిరిగి పిలిచింది. “తర్ఫా! రా తల్లీ!”

తర్ఫా లేచి, నీడ అంచుదాకా వచ్చి ఆగింది. ముందరి కాలు ఇసుక మీద పెట్టి వెనక్కి తీసుకుంది. అమ్మ వంక చూసింది. సలూకీ ఎవరి మాటా వినదంటారు. తర్ఫా కూడా వినదు, ఒక్క అమ్మ మాట తప్ప. అమ్మ మళ్ళీ పిలిచింది. తర్ఫా తల వంచుకుని, కుంటుకుంటూ ఇసుక దాటి వచ్చి, ముదురాకుపచ్చ ముక్క మీద అమ్మ మోకాలికి ఆనుకుని నిలబడింది. ఒక కాలు ఎత్తింది, దించింది. ఇంకోటి ఎత్తింది, దించింది.

“చూశారా,” అంది అమ్మ సంతోషంగా. “కొత్త గడ్డి మీద ఎలా ఆడుతోందో!”

అఫ్రా వరండా దిగి వెళ్ళింది. గడ్డి మెత్తదనం చూద్దామనో ఏమో, వంగి అరచెయ్యి ఆనించింది. కెవ్వుమని చెయ్యి లాక్కుంది.

“అత్తయ్యా దిగండి! దిగండి ముందు! వదినా!”

నేను పరుగెత్తి అమ్మ భుజం పట్టి ఇవతలికి లాగాను. తర్ఫా అప్పటికే నీడలోకి దూకేసింది.

“ఏమైందే?” అంది అమ్మ.

నిజంగానే అడిగింది. అప్పుడు నాకు అర్థమైంది, అబద్ధం కాదని. అబద్ధమైనా బాగుండేది.

వరండాలో కూర్చోబెట్టి కాళ్ళ మీద నీళ్ళు పోశాం. గోరింటాకు రంగులో ఎరుపు కనబడలేదు. కాసేపటికి ఆ కాఫీ రంగు చర్మమే అక్కడక్కడా పైకి లేవడం మొదలైంది. అమ్మ తన అరికాళ్ళ వంక ఎవరివో చూస్తున్నట్టు చూసింది. నొప్పి లేదంది. ఎవరూ నమ్మనక్కర్లేదని కూడా అంది.

అమ్మకి చక్కెర జబ్బు ఉందని తెలుసు. మాత్రలు వేసుకుంటోందనే అనుకున్నాం. ఆసుపత్రిలో సూడాన్ డాక్టరమ్మ బొబ్బలకి కట్టు కట్టాక, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసింది.

“కళ్ళు మూసుకోండి అమ్మా. కాలికి ఇది తగిలినప్పుడల్లా చెప్పండి.”

అమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ బొటనవేలి కింద తాకించింది. మడమ దగ్గర తాకించింది. కాలి మీద, చీలమండ పక్కన, రెండో కాలికి మళ్ళీ అన్నిచోట్లా తాకించింది. అమ్మ శ్రద్ధగా, పరీక్షలో కూర్చున్న పిల్లలా ఎదురుచూస్తోంది.

“మొదలుపెట్టమ్మా,” అంది. “ఎంతసేపని మూసుకోను?”

డాక్టరమ్మ పోగు పక్కన పెట్టేసింది. నేను గోడ వైపు తిరిగాను. ఏడుపొచ్చింది, వచ్చిందని చెప్పడానికి సిగ్గేం లేదు.

ఇంటికి రాగానే అమ్మ తర్ఫాని తెమ్మంది. ఒళ్ళో తల పెట్టించుకుని, ఒక్కో పాదం చేతిలోకి తీసుకుని, వేళ్ళతో తడిమింది. వేళ్ళకి ఇంకా స్పర్శ ఉంది. గోరింటాకు రంగు కింద పాత బొబ్బలు ఎండి పక్కులు కట్టాయి, వాటి మధ్య పచ్చి పుండ్లు ఉన్నాయి. అమ్మ వేలు ఒకచోట ఆగినప్పుడు తర్ఫా ముక్కుతో ఆ చేతిని మెల్లగా తోసింది.

“కీళ్ళు కాదు,” అంది అమ్మ. “కీళ్ళు కాదురా ఘానిమ్. వసంతం నుంచీ దీన్ని నేనే కాలుస్తున్నా.”

“నీకు తెలీదు కదమ్మా.”

“దానికి తెలుసుగా. తెలిసీ నా మాట విని నడిచింది.” అమ్మ కళ్ళు తుడుచుకోలేదు. మతర్ మామ పోయినప్పుడు కూడా మా ఎదుట కన్నీరు పెట్టని మనిషి. “రేపు దీన్ని ఇజ్బాకి తీసుకెళ్ళు. నా చేతిలో ఉండకూడదు.”

“అక్కడ అది తినదు. నీకు తెలుసు.”

“నిప్పుల మీద నడిపించేదాని దగ్గర ఉండటం కన్నా ఆకలితో ఉండటమే నయం.”

అమ్మ ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోదు. ఘానిమ్ రాత్రంతా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. పొద్దున్నే తర్ఫాని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దాని గిన్నె, దుప్పటి తెచ్చి పెట్టాడు. అమ్మ గది తలుపు తీయలేదు. అఫ్రా కాఫీ కప్పు పట్టుకుని బయటికి వచ్చింది.

“ఎక్కడికి?”

“ఇజ్బాకి. నువ్వు కోరిందేగా.”

“నేను కోరింది గడ్డి. గడ్డి వేయించకపోతే ఇజ్బా అన్నాను. గడ్డి వేయించకుండానే తోలేస్తే ఇక నా మాటకి విలువేముంది?”

“అఫ్రా, అమ్మ వద్దంది. వేడి చూసి వదిలేది తనే కదా. ఇప్పుడెవరు చూస్తారు?”

అఫ్రా కాఫీ మొత్తం తాగేసింది. కప్పు కారు మీద పెట్టింది.

“అది అక్కడ చస్తుంది. ఇక్కడ ఈవిడ మంచం పడుతుంది. ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో నాకు తెలీదనుకున్నారా? దించండి దాన్ని. మధ్యాహ్నం ఆ ముక్కలు మళ్ళీ పరవండి. నీళ్ళ పైపు తెండి, ఆ వలేదో కట్టండి.”

అఫ్రా అరికాళ్ళు పసిపిల్ల అరికాళ్ళు. స్నానాల గదిలో కూడా చెప్పులు వేసుకునే మనిషి. ఆ మధ్యాహ్నం చెప్పులు గుమ్మం దగ్గర వదిలింది. అమ్మ వదిలే చోటే. ఘానిమ్‌ని తిట్టింది, మురాద్‌ని తిట్టింది, ఎండని తిట్టింది, పెరట్లోకి దిగి ముదురాకుపచ్చ ముక్క మీద ఒక్క క్షణం కాలు మోపి, గెంతి, ఇసుక మీద పడి, అక్కడ నుంచి కూడా గెంతి వరండాలోకి వచ్చి పడింది. నేను నవ్వాను. నన్నూ తిట్టింది. పాదాలు నీళ్ళలో ముంచుకుని మళ్ళీ వెళ్ళింది. పొద్దు వాలేదాకా వెళ్తూనే ఉంది, వస్తూనే ఉంది. చివరికి వల నీడలో, తడిపిన పొట్టి ముక్క మీద నిలబడిపోయింది.

“ఇదే,” అంది విరక్తిగా. “ఈ ఎండు గడ్డే. రంగు చూస్తే ఇసుక రంగు, మధ్యలో పోసేది ఇసుక. అంతా అయ్యాక నా బతుక్కి మళ్ళీ ఇసుకే.”

వెనక అమ్మ గది కిటికీ తెర కాస్త పక్కకి జరిగి ఉంది.

ఎండలు తగ్గుతాయని చెప్పే సుహైల్ చుక్క పొడిచే రోజులొచ్చాయి. పెరడంతా వెలిసిన రంగు గడ్డి పరిచారు, పైన వల కట్టారు. తర్ఫా పుండ్లు మానాయి. గోరింటాకు రంగు పోయి, అడుగున నల్లటి మెత్తలు బయటపడ్డాయి. అమ్మ కాళ్ళకి డాక్టరమ్మ ఇప్పించిన లావుపాటి బూట్లు ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా అమ్మ మొహం చిట్లిస్తుంది గానీ వేసుకుంటుంది.

సాయంత్రం నీళ్ళు చల్లాక అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, తర్ఫా పట్టా చేతికి చుట్టుకుని కూర్చుంటుంది. అఫ్రా చెప్పులు వదిలి గడ్డిలోకి దిగుతుంది. తర్ఫా అమ్మ వంక చూడదు. అఫ్రా కాళ్ళ వంకే చూస్తుంది.

మొన్న అమ్మ గోరింటాకు రుబ్బుకుని కూర్చుంది. తర్ఫాకి కాదు, తనకీ కాదు.

“ఇలా రా పిల్లా,” అంది. “నీ అరికాళ్ళకి పెడతా. రోజూ కాలుతున్నాయి. పెడితే గట్టిపడతాయి.”

అఫ్రా అప్పటికే గడ్డి మీద నిలబడి ఉంది. కాలివేళ్ళు ఒకసారి ముడిచి మళ్ళీ చాపింది.

“వద్దత్తయ్యా,” అంది. “గట్టిపడితే ఇంకెందుకు పనికొస్తాయి?”

అమ్మ ముద్ద గిన్నెని కుర్చీ కిందికి నెట్టి, పట్టా రెండు చేతులా పట్టుకుని, అఫ్రా “ఊఁ” అనేదాకా ఎదురుచూసింది.